దొడ్డిదారి మాల్వేర్: గూఢచారుల బ్యాక్‌డోర్ల గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో చిన్న నెట్‌వర్క్ సర్వీస్ నడుపుతాను. స్కూళ్లు, నర్సింగ్ హోములు, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాలు, ఒకటి రెండు కాలేజీలు మా కస్టమర్లు. టీవీలో "చైనా హ్యాకర్లు" అనో "పాక్ హ్యాకర్లు" అనో స్క్రోలింగ్ వచ్చిన ప్రతిసారీ నా ఫోన్ మోగుతుంది. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెట్టాను. ఇకమీదట లింకు పంపిస్తాను, ఏమీ అనుకోవద్దు.

బ్యాక్‌డోర్ అంటే వైరస్సేనా?

కాదు. వైరస్ పని అంటుకోవడం, పాకడం. రాన్సమ్‌వేర్ పని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగడం. బ్యాక్‌డోర్ పని ఒక్కటే, బయటివాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి వచ్చిపోయేలా దారి ఉంచడం. మన మాటలో దొడ్డిదారి. ముందు దర్వాజాకు గడియ పెట్టి, దొడ్డి తలుపు మాత్రం దగ్గరగా వేసి వదిలేస్తారు చూడండి, అదే. ఆ దారిలో వచ్చినవాడు ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు, మెయిళ్లు చదవొచ్చు, పక్క సిస్టమ్‌లోకి దూకొచ్చు. ఏమీ చేయకుండా నెలల తరబడి ఊరికే కూర్చోవచ్చు కూడా. గూఢచారులు ఎక్కువగా చేసేది అదే.

మామూలు సైబర్ దొంగకూ, ఒక దేశం తరఫున పనిచేసేవాడికీ తేడా ఏంటి?

దొంగకు తొందర. పైగా వాడు వచ్చాడని మీకు తెలియాలి, లేకపోతే డబ్బు ఎందుకు కడతారు? గూఢచారికి నెలనెలా జీతం వస్తుంది. దొరక్కుండా ఉండడమే వాడి ఉద్యోగం.

స్నేక్ అనే బ్యాక్‌డోర్‌నే చూడండి. రష్యా గూఢచార సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి చెందిన ఒక విభాగం దీన్ని 2003 చివర్లో తయారు చేయడం మొదలుపెట్టిందని అమెరికా, దాని మిత్రదేశాలు చెప్పాయి. 50కి పైగా దేశాల్లో దాని జాడలు దొరికాయి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాని నెట్‌వర్క్‌ను దెబ్బకొట్టింది 2023 మేలో. 2003లో పుట్టిన పిల్లలు అప్పటికి బీటెక్ మూడో ఏడాదిలో ఉంటారు.

ఇక్కడో లెక్క చెప్పాలి. దాడి మొదలైన రోజుకూ అది బయటపడిన రోజుకూ మధ్య ఎంత కాలం పట్టిందో మాండియంట్ అనే సెక్యూరిటీ సంస్థ ఏటా లెక్కిస్తుంది. 2011లో మధ్యస్థంగా 416 రోజులు. 2024కి అది 11 రోజులకు దిగింది. చూడగానే "అబ్బో, బాగుపడ్డాం" అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో రాన్సమ్‌వేర్ కూడా కలిసి ఉంటుంది, అది తనంతట తానే నోరు విప్పి చెప్పేస్తుంది. చైనాతో ముడిపెట్టిన బ్రిక్‌స్టార్మ్ అనే బ్యాక్‌డోర్ మీద 2025 సెప్టెంబరులో ఇదే సంస్థ ఇచ్చిన వివరాల ప్రకారం, అది బాధితుల దగ్గర సగటున 393 రోజులు కాపురం చేసింది.

అన్ని రోజులు ఎలా దాక్కుంటుంది?

పెద్ద ఫంక్షన్ హాల్లో పెళ్లి. కొత్త మనిషి ఒకడు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, దర్జాగా రెండో బంతిలో కూర్చున్నాడు. పిల్ల తరఫువాళ్లు పిల్లగాడి తరఫు అనుకుంటారు, పిల్లగాడి తరఫువాళ్లు పిల్ల తరఫు అనుకుంటారు. అడిగేవాడు ఉండడు. ఈ మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) బతికేది సరిగ్గా ఈ మొహమాటం మీదే.

ఎక్కువగా వాడే ఉపాయం డీఎల్‌ఎల్ సైడ్‌లోడింగ్. పేరున్న కంపెనీ సంతకం ఉన్న అసలు ప్రోగ్రామ్‌నే తెచ్చి పెడతారు. అది లేవగానే తన ఫోల్డర్‌లో ఉన్న ఒక డీఎల్‌ఎల్ ఫైల్‌ను, అంటే తనకు సాయపడే కోడ్ ఉన్న ఫైల్‌ను, పిలుస్తుంది. ఆ పేరుతో తమ ఫైల్‌ను పక్కనే ఉంచుతారు. పెద్దమనిషి వెంట వచ్చినవాణ్ని వాచ్‌మన్ ఆపడు కదా.

ఇంకా పై మెట్టు సోలార్‌విండ్స్. ఓరియన్ అనేది పెద్ద పెద్ద నెట్‌వర్క్‌లను గమనించే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారు చేసే చోటే చొరబడి, 2020 మార్చి నుంచి జూన్ మధ్య వెళ్లిన అప్‌డేట్లలోనే సన్‌బర్స్ట్ అనే బ్యాక్‌డోర్‌ను కలిపేశారు. కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే అది బయటికి వెళ్లింది. దాదాపు 18,000 సంస్థలు ఆ అప్‌డేట్‌ను దించుకున్నాయి. దిగిన తర్వాత అది వెంటనే లేవలేదు, రెండు వారాల దాకా పడుకుంది. లేచాక చుట్టూ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు ఏమున్నాయో చూసుకుంది. బయటికి మాట్లాడేటప్పుడు ఓరియన్ సొంతంగా పంపే సమాచారంలాగే కనిపించేలా మాట్లాడింది. అన్ని వేలమందిలో నిజంగా లోపలికి వెళ్లి పని చేసుకున్నది మాత్రం సుమారు 100 కంపెనీల్లో, 9 అమెరికా ప్రభుత్వ సంస్థల్లో. మిగతాచోట్ల తలుపు తీసి ఉన్నా లోపలికి పోలేదు. ఆ నిగ్రహం చూస్తేనే నాకు భయం.

లైనక్స్ సర్వర్ల మీద బీపీఎఫ్‌డోర్ అని ఇంకొకటి ఉంది. ఇది పోర్ట్, అంటే బయటి నుంచి కనెక్షన్ వచ్చే ద్వారం, తెరిచి కూర్చోదు, కాబట్టి తెరిచి ఉన్న పోర్టుల జాబితాలో కనిపించదు. కెర్నెల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, ఎప్పటినుంచో ఉన్న బర్క్‌లీ ప్యాకెట్ ఫిల్టర్ అనే సౌకర్యాన్ని వాడుకుని, వచ్చే పోయే సమాచారపు ముక్కలను, అంటే ప్యాకెట్లను, చూస్తూ ఉంటుంది. ప్రత్యేకమైన గుర్తు ఉన్న ప్యాకెట్ వస్తేనే లేస్తుంది. ఆ సర్వర్‌లోని ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ను ఆపే లోపే ఇది చదివేస్తుంది. వీధిలో వందమంది పోతున్నా కదలని కుక్క, తనవాడు ఈల వేస్తే మాత్రం లేస్తుంది చూడండి, ఆ తరహా. 2025 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని ఎస్‌కే టెలికాం సర్వర్లలో ఇది బయటపడింది. చొరబాటు 2021 నాటిదని దర్యాప్తులో తేలింది. కోట్ల మందికి సిమ్ కార్డులు ఉచితంగా మారుస్తామని ఆ కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది.

యాంటీవైరస్ వేయించాం కదా సార్, ఇంకేం?

వేయించడం మంచిదే, తీసేయొద్దు. కానీ యాంటీవైరస్‌కు తెలిసినవాళ్ల ముఖాలు తెలుసు, తేడాగా ప్రవర్తించేవాళ్లను కొంత పసిగడుతుంది. ఒకే ఒక్క సంస్థ కోసం కొత్తగా రాసిన కోడ్ దాని లిస్టులో ఉండదు. పైగా మీ రూటర్‌లో, ఫైర్‌వాల్ పెట్టెలో, సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లో యాంటీవైరస్ వేసే వీలే లేదు. బ్రిక్‌స్టార్మ్ వాళ్లు ఏరికోరి అలాంటి పెట్టెల్లోనే కూర్చున్నారు.

మన దేశంలో ఇలాంటివి జరిగాయా? మన తెలంగాణలో?

జరిగాయి. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం విషయం గుర్తుండే ఉంటుంది. డీట్రాక్ అనే మాల్వేర్ అక్కడి సిస్టమ్‌లో ఉందన్న వార్త బయటికి రాగానే, అక్టోబరు 29న ఆ విద్యుత్ కేంద్రం అధికారులు అలాంటిదేమీ లేదన్నారు. మర్నాడు దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ సంస్థ నిజమేనని ఒప్పుకుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ తమకు సెప్టెంబరు 4నే చెప్పిందని కూడా వివరించింది. మాల్వేర్ దొరికింది పరిపాలన పనులకు వాడే నెట్‌వర్క్‌లోని ఒక పీసీలో. రియాక్టర్‌ను నడిపే నెట్‌వర్క్ వేరు, దానికి దీనితో సంబంధం లేదు. డీట్రాక్‌ను నిపుణులు ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పనిగా గుర్తిస్తారు.

తర్వాత కరెంటు. రికార్డెడ్ ఫ్యూచర్ అనే సంస్థ 2021 ఫిబ్రవరి చివర్లో ఒక నివేదిక ఇచ్చింది. చైనాతో సంబంధం ఉన్న ముఠా మన దేశంలో 10 విద్యుత్ సంస్థలను, 2 ఓడరేవులను లక్ష్యంగా చేసుకుందని దాని సారాంశం. వాడిన బ్యాక్‌డోర్ పేరు షాడోప్యాడ్. ఆ వెంటనే మార్చి మొదట్లో మన ట్రాన్స్‌కో, జెన్‌కోలకూ సర్ట్-ఇన్ హెచ్చరిక వచ్చింది. జాగ్రత్తలు తీసుకున్నామని అప్పట్లో విద్యుత్ అధికారులు చెప్పారు.

ఆ వారం నన్ను అడగనివాడు లేడు. చెల్పూరు కేటీపీపీ థర్మల్ ప్లాంటు జెన్‌కోదే, రామగుండంలో ఎన్‌టీపీసీ, డిస్కం పెద్దాఫీసు ఇక్కడే నక్కలగుట్టలో. మనవాళ్ల చుట్టాల్లో ఎవరో ఒకరు కరెంటు ఉద్యోగి ఉంటారు. "కరెంట్ బంద్ జేస్తరా అన్నా?" అన్నదే ప్రశ్న. అది అప్పటికప్పుడు స్విచ్ కట్టేసే పని కాదు. ఏ ప్లాంటు ఎంత ఉత్పత్తి చేయాలి, ఎక్కడ ఎంత లోడ్ ఉంది అని నిమిషం నిమిషం చూసుకునే చోటు లోడ్ డిస్పాచ్ సెంటర్. అక్కడ ఏ తీగ దేనికి కలుస్తుందో, ఎవరి దగ్గర ఏ పాస్‌వర్డ్ ఉందో ముందే తెలుసుకుని పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది. ఇంటికి కన్నం వేసేవాడు ముందు పాత సామాన్లు కొంటానని వీధిలో తిరుగుతాడు చూడండి.

మాది చిన్న దుకాణం. "మనదాన్ల ఏముంటది?"

మీ దగ్గర ఏమీ ఉండక్కర్లేదు. మీది ఇంకొకరి ఇంటికి వెళ్లే దారి అయితే చాలు.

2022 ఏప్రిల్‌లో రికార్డెడ్ ఫ్యూచర్ సంస్థే ఇంకో నివేదిక ఇచ్చింది. లద్దాఖ్ దగ్గరలోని ఉత్తరాది లోడ్ డిస్పాచ్ సెంటర్లు కనీసం 7 ఈసారి లక్ష్యం. ప్రయత్నాలు జరిగాయి, ఫలించలేదని అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి చెప్పారు. ఆ నివేదికలో నాకు నిద్ర పట్టకుండా చేసిన వాక్యం వేరే ఉంది. దాడి చేసేవాళ్లు షాడోప్యాడ్‌ను నడిపించడానికి సొంత సర్వర్లు వాడలేదు, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న డీవీఆర్‌లను, ఐపీ కెమెరాలను వశం చేసుకుని వాటి మీదుగా నడిపించి ఉంటారని అందులో ఉంది. అంటే ఎవరిదో దుకాణంలో గల్లాపెట్టె మీద కెమెరా కోసం పెట్టుకున్న పెట్టె.

మన చౌరస్తాలో డీవీఆర్ లేని దుకాణం చూపించండి. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ మార్చినవాళ్లను చూపించండి. మొదటిది కష్టం, రెండోది ఇంకా కష్టం.

అమెరికాలోనూ ఇదే కథ. వోల్ట్ టైఫూన్ అనే చైనా ముఠా, కంపెనీలు అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత రూటర్లను వందల సంఖ్యలో పట్టుకుని, వాటి చాటున నడిచింది. 2023 డిసెంబరులో ఎఫ్‌బీఐ కోర్టు అనుమతి తీసుకుని వాటిని శుభ్రం చేసింది. "నెట్ వస్తోంది కదా, రూటర్ ఎందుకు మార్చాలి" అనేవాళ్లకు నా జవాబు ఇదే.

పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్‌లే కనిపిస్తున్నాయి. అది కూడా ఇలాంటిదేనా?

ఎక్కువసార్లు కాదు, జిరాక్స్ సెంటర్ నుంచి అంటుకున్న మామూలు చెత్త. కానీ చూడగానే తేడా చెప్పలేం.

ప్లగ్‌ఎక్స్ అని చైనా ముఠాలు ఏళ్లుగా వాడుతున్న బ్యాక్‌డోర్ ఒకటి ఉంది. అందులో ఒక రకం పెన్‌డ్రైవ్‌ల మీదే పాకుతుంది. అది డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ సృష్టిస్తుంది. ఆ ఫోల్డర్ పేరు ఒక ఖాళీ అక్షరం, కంటికి కనిపించదు. మీ ఫైళ్లన్నీ అందులోకి తోసేస్తుంది. బయట మాత్రం పెన్‌డ్రైవ్ బొమ్మతో ఒక షార్ట్‌కట్ ఉంటుంది. "ఇదేంటి, డ్రైవ్ లోపల మళ్లీ డ్రైవ్" అనుకుంటూ దాన్ని నొక్కుతారు. మీ ఫైళ్లు మీకు మామూలుగా తెరుచుకుంటాయి, వెనక దాని పని అది చేసుకుంటుంది. ఫైళ్లు పోలేదు కాబట్టి మీరు ఎవరికీ ఫిర్యాదు చేయరు. ఎఫ్‌బీఐ 2025 జనవరిలో ఒక్క అమెరికాలోనే 4,258 కంప్యూటర్ల నుంచి ప్లగ్‌ఎక్స్‌ను తొలగించినట్టు ప్రకటించింది.

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, మా పాప యూనివర్సిటీలో చదువుతోంది. వాళ్లకు ప్రమాదమా?

అవును, ఈ ప్రశ్నకు సూటిగానే చెబుతాను. ఏపీటీ36, ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అని పిలిచే పాకిస్తాన్ ముఠా ఏళ్లుగా మన సైన్యం, ప్రభుత్వ ఉద్యోగుల మీదే పడి ఉంది. వీళ్ల ముఖ్య ఆయుధం క్రిమ్సన్ ర్యాట్ అనే బ్యాక్‌డోర్. 2022 నుంచి మన విద్యాసంస్థలను, విద్యార్థులను కూడా లక్ష్యం చేసుకుంటున్నారని పరిశోధకులు చూపించారు. పహల్గాం దాడి జరిగిన రోజుల్లోనే దాని మీద ప్రభుత్వ నివేదిక అంటూ పీడీఎఫ్‌లు పంపించారు. జనం గుండె మండుతున్నప్పుడు ఏ ఫైల్ వచ్చినా తెరుస్తారని వాళ్లకు తెలుసు. ఆండ్రాయిడ్ ఫోన్లకైతే యూట్యూబ్‌లాగా కనిపించే నకిలీ యాప్‌లు, ముక్కూమొహం తెలియని అమ్మాయి పేరుతో చాటింగ్.

ఇంట్లో ఫౌజీ ఉంటే వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఏదీ, ఎవరు పంపినా సరే, ఇన్‌స్టాల్ చేయొద్దు. అతడి ఫోనే కాదు, ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా.

మరి ఇవి ఎలా బయటపడతాయి?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. పెద్ద పెద్ద యంత్రాలు పట్టుకుంటాయని అనుకుంటాం. చాలాసార్లు "ఇదేంటి, రోజూ ఇలా ఉండదే" అన్న ఒక మనిషి అనుమానమే పట్టుకుంటుంది.

సన్‌బర్స్ట్ దొరికింది ఇలాగే. ఫైర్‌ఐ అనే సెక్యూరిటీ కంపెనీలో ఒక ఉద్యోగి లాగిన్‌కు రెండో ఫోన్ రిజిస్టర్ అయినట్టు కనిపించింది. మామూలుగా అయితే కొత్త ఫోన్ కొనుక్కున్నాడేమో అని వదిలేసే విషయం. అక్కడివాళ్లు ఆ ఉద్యోగికి ఫోన్ చేసి అడిగారు. నాది కాదన్నాడు. అక్కడి నుంచి తీగ లాగితే సోలార్‌విండ్స్ డొంకంతా కదిలింది. 2020 డిసెంబరు 13న ప్రపంచానికి తెలిసింది.

2024 మార్చిలో ఇంకా విచిత్రం. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ డేటాబేస్ వేగం కొలుస్తున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారికి, అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకను! మనమైతే నెట్ స్లో అనుకుని చాయ్ తాగడానికి లేస్తాం. ఆయన వదల్లేదు. తవ్వితే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఉచిత లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ దొరికింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, ఆ ప్రాజెక్టును చూసుకునే హక్కు పొంది, అప్పుడు పెట్టారు. ఆ మనిషి ఎవరో, ఏ దేశం వెనక ఉందో ఇప్పటికీ తేలలేదు. ఆ వెర్షన్లు ఇంకొన్ని నెలలు ఎవరి కంటా పడకుండా పోయి ఉంటే, ప్రపంచంలోని లైనక్స్ సర్వర్లలో పెద్ద భాగానికి దొడ్డితాళం వాళ్ల చేతిలో ఉండేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈసారి స్టాప్‌వాచ్ పట్టింది.

నా సిస్టమ్‌లో ఉందో లేదో నేను చూసుకోవచ్చా?

దేశాల స్థాయి సరుకును మీరూ నేనూ పట్టడం కష్టం. అయినా చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ తెరిస్తే, సిస్టమ్ ఆన్ కాగానే లేచేవన్నీ వరుసగా కనిపిస్తాయి. పేరు చూడకండి, ఏ ఫోల్డర్ నుంచి లేస్తోందో చూడండి. ఎస్‌వీసీహోస్ట్ అనేది విండోస్ సొంత ప్రోగ్రామ్, అది సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడవాలి. అదే పేరుతో యాప్‌డేటాలోనో, పబ్లిక్ ఫోల్డర్‌లోనో ఒకటి ఉంటే అది నకిలీ.

అన్నిటికన్నా ఉపయోగం నోటుబుక్కు. నవ్వకండి. అంతా బాగున్న రోజు ఆ లిస్టు రాసి పెట్టుకోండి. ఏ ప్రోగ్రామ్‌లు లేస్తాయి, రాత్రి దుకాణం మూశాక రూటర్‌లో ఎంత డేటా పోతుంది. మామూలు ఏదో రాసి లేకపోతే తేడా ఏదో ఎలా తెలుస్తుంది?

దొరికితే ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందా?

ఆగండి. మనవాళ్లకు ఏ రోగానికైనా మందు ఫార్మాటే. ముందు నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి, సిస్టమ్ మాత్రం ఆఫ్ చేయకండి. కొన్ని బ్యాక్‌డోర్లు మెమరీలో మాత్రమే ఉంటాయి, ఆఫ్ చేస్తే సాక్ష్యం పోతుంది. స్క్రీన్ ఫోటో తీసుకోండి. రూటర్ లాగ్ (రాకపోకల రికార్డు) దాచండి. వేరే శుభ్రమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి.

ఫార్మాట్‌కు కూడా లొంగనివి ఉన్నాయి. రష్యా ముఠా వాడిన లోజాక్స్ మదర్‌బోర్డు మీది యూఈఎఫ్‌ఐ చిప్‌లో, అంటే విండోస్ కన్నా ముందే లేచే చోట, కూర్చుంటుందని 2018లో ఈసెట్ సంస్థ చూపించింది. హార్డ్ డిస్క్ మార్చినా అది పోదు.

ఎవరికి చెప్పాలి?

డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. చొరబాటు అనుమానం అయితే సర్ట్-ఇన్, టోల్ ఫ్రీ 1800-11-4949. కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులు విషయం తెలిసిన 6 గంటల్లోపు సర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. పోలీసుల వైపు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. పరువు పోతుందని దాచిపెట్టే యాజమాన్యాలు మన దగ్గర చాలా ఎక్కువ.

ఫలానా దేశమే చేసిందని ఎలా చెబుతారు? ఉత్త ప్రచారం కాదా?

కోడ్ రాసే తీరు, పాత దాడుల్లో వాడిన సర్వర్లు, పని చేసే గంటలు, ఎవరిని లక్ష్యం చేసుకున్నారన్నది, ఇవన్నీ కలిపి చూస్తారు. తప్పుదారి పట్టించేవాళ్లూ ఉన్నారు. 2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌ను దెబ్బకొట్టిన ఒలింపిక్ డిస్ట్రాయర్‌లో ఉత్తర కొరియా ముద్రలు కావాలనే వేశారు. 2020లో అమెరికా కేసు పెట్టింది రష్యా సైనిక నిఘా అధికారుల మీద. కాబట్టి మొదటి రోజు టీవీలో చెప్పిన దేశం పేరును నేను నమ్మను, ఆరు నెలలు ఆగుతాను.

చైనా, రష్యా, పాకిస్తాన్, ఉత్తర కొరియాలేనా? మిగతావాళ్లు పుణ్యాత్ములా?

ఎవరూ కాదు. హార్డ్ డిస్క్‌ను నడిపే దాని సొంత సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) లోనే దాక్కునే పనితనం 2015లో బయటపడింది. దాన్ని చేసిన ఈక్వేషన్ గ్రూప్‌ను చాలామంది నిపుణులు అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏతో కలుపుతారు.

మీకు ఎప్పుడైనా ఇలాంటిది దొరికిందా?

గూఢచారులది దొరకలేదు. బ్యాక్‌డోర్ దొరికింది.

మిర్చి సీజన్ అయిపోయిన రోజులు. ఎనుమాముల దగ్గర ఒక అడ్తి దుకాణంలో కొత్త ఫైర్‌వాల్ పెట్టి, వారం తర్వాత లాగ్ చూస్తున్నాను. దుకాణం రాత్రి ఎనిమిదికి మూస్తారు. రాత్రి రెండున్నరకు ట్యాలీ ఉన్న సిస్టమ్ బయట ఒకే అడ్రస్‌తో మాట్లాడుతోంది. ఐదు నిమిషాలకోసారి, కొన్ని వందల బైట్లు, గడియారం కొట్టినట్టు. ఒళ్లు జలదరించింది. పొద్దున్నే వెళ్లి గుమాస్తాను అడిగితే, "అది ఎప్పుడూ ఆన్‌లనే ఉంటది అన్నా, బంద్ చేస్తే మళ్ల లెవ్వది" అన్నాడు.

కూర్చుని ఒక్కొక్క ప్రోగ్రామ్ చూశాను. అది రిమోట్ సపోర్ట్ యాప్. ఎవరూ ఒప్పుకోకుండానే బయటినుంచి లోపలికి రాగలిగేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి ఉంది. మూడేళ్ల కిందట పెట్టింది. ఎవడు పెట్టాడురా అని తిట్టుకుంటూ ఇన్‌స్టాల్ తేదీ చూశాను, బిల్లుల పుస్తకం తీశాను. ఆ రోజు సర్వీస్‌కు వెళ్లింది నేనే. హనుమకొండ నుంచి ప్రతిసారీ బండేసుకుని పోలేక, ఆ యాప్‌ను అలా వదిలేశాను. అదే పాస్‌వర్డ్ ఇంకో పదకొండు దుకాణాల్లో కూడా పెట్టాను. నా ఒక్క లాప్‌టాప్ ఎవడి చేతిలోనైనా పడి ఉంటే, పన్నెండు దుకాణాలకూ దొడ్డిదారి నేనే.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి పదిన్నర దాకా దుకాణం దుకాణం తిరిగి తీసేశాను. ముగ్గురు సేట్లు సర్వీస్ చార్జీ ఎంత అని అడిగారు. ఏమీ వద్దన్నాను, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది.